కక్షిదారు ఎక్కడ కూర్చోవాలి?

అమరావతిలో కట్టదలచిన హైకోర్టు భవనం నమూనా బొమ్మ మళ్ళీ చేతులు మారుతోంది. 2025 మే 2న రాజధాని పనులు ప్రధానమంత్రి చేతుల మీదుగా తిరిగి మొదలైన నాటి నుంచి, ఏళ్ళ క్రితం చూసి మరచిపోయిన ఆ మెట్లమెట్ల గుమ్మటాన్ని మిత్రులు ఒకరికొకరు పంపుకొని మురిసిపోతున్నారు. "చూశారా, మన బౌద్ధ స్తూపం మళ్ళీ లేస్తోంది" అని ఒకరు నాకు రాశారు. నాకు అంత సంతోషం కలగలేదు. ఎందుకు కలగలేదో చెబితే ఆయన నన్ను అరసికుడన్నారు. ఆ బిరుదును శిరసావహిస్తూనే నా అభ్యంతరాన్ని ఇక్కడ విడమరచి రాస్తున్నాను. అంగీకరించనివారు నిర్మొహమాటంగా ఖండించవచ్చు.

అభ్యంతరం చిన్నదే. స్తూపానికి లోపలంటూ ఉండదు. అది ఘనంగా కట్టిన దిబ్బ. దాని చుట్టూ తిరగాలి, దండం పెట్టాలి, ఇంటికి పోవాలి. న్యాయస్థానానికి పోలికగా ప్రపంచంలోని సకల నిర్మాణాలలోనూ మనవాళ్ళకు దొరికింది ఎవరూ లోపలికి పోలేని కట్టడం! ఇది హాస్యానికి అన్నమాట కాదు. కోర్టు చుట్టూ తిరగడమన్న నానుడి తెలుగులో ఊరికే పుట్టలేదు.

మా తాతగారు ఒక గట్టు తగాదా మీద డెల్టాలోని ఒక మునసబు కోర్టు చుట్టూ పదకొండేళ్ళు తిరిగారు. ఊరి పేరు అనవసరం. చిన్నప్పుడు వేసవి సెలవులకు ముందు ఒకటి రెండు వాయిదాలకు ఆయన వెంట నేనూ వెళ్ళాను. అది పాత భవనం. ఒకప్పుడు చుట్టూ వెడల్పాటి వరండా ఉండేదని స్తంభాలను చూస్తే తెలిసేది. నేను చూసేనాటికి స్తంభాల మధ్య చెక్కలు కొట్టి, ఒకవైపు బీరువాలు, ఒకవైపు గుమాస్తాల బల్లలు పెట్టేశారు. కక్షిదారులకు మిగిలింది ఆవరణలోని ఒక కానుగచెట్టు. చెట్టు కింద కూర్చుంటే బంట్రోతు పిలుపు వినపడదు. పిలుపు వినపడాలంటే గుమ్మం దగ్గర ఎండలో నిలబడాలి. ఒక వాయిదా నాడు తాతగారు మంచినీళ్ళ కోసం రోడ్డు దాటి సోడా బండి దగ్గరకు వెళ్ళారు. ఆ కాస్త వ్యవధిలో పేరు మూడుసార్లు పిలిచారట. వకీలుగారు మరో కోర్టులో వాదనలో ఉన్నారు. గైరుహాజరు కింద దావా కొట్టివేశారు. దాన్ని మళ్ళీ తెరిపించుకోవడానికి ఏడాదిన్నర పట్టింది, ఖర్చు వేరే.

ఆ దావాలో న్యాయం ఎవరి పక్షాన ఉందో నాకు ఈనాటికీ తెలియదు. పొరుగు రైతుకు తనదైన వాదం ఉండే ఉంటుంది. కాని ఆ ఏడాదిన్నరను ఏ చట్టమూ తినలేదు, ఏ న్యాయమూర్తీ తినలేదు. ఒక వరండా లేకపోవడం తిన్నది. అప్పటి నుంచి ఏ న్యాయస్థానం బొమ్మ చూపినా నేను శిఖరం వంక చూడను. కక్షిదారు ఎక్కడ కూర్చుంటాడని వెతుకుతాను.

*

బందరు వైపు నుంచి ఈ కథ చెప్పుకోవాలి. ఇప్పుడు అందరి చూపూ నేలపాడు మీద ఉన్నది గాని, కృష్ణా తీరానికి న్యాయస్థానం అమరావతితో రాలేదు. 1802లో మద్రాసు ప్రభుత్వం జిల్లా అదాలతులను నెలకొల్పినప్పుడు మచిలీపట్నం ఆ పటంలో ముందు వరుసలోనే ఉంది. ఆ అదాలతులపై అప్పీళ్ళు వినడానికి కొద్ది ఏళ్ళలోనే నాలుగు ప్రాంతీయ న్యాయస్థానాలు ఏర్పడ్డాయి: చిత్తూరు, తిరుచిరాపల్లి, తలచేరి, మచిలీపట్నం. ఉత్తర సర్కారులన్నిటికీ పెద్ద కోర్టు బందరే. 1843లో ఆ ప్రాంతీయ కోర్టులు రద్దయ్యేవరకు, గంజాం నుంచి గుంటూరు దాకా భూస్వాముల పెద్ద తగాదాలు ఈ రేవుపట్టణం మెట్లెక్కాయి. అంటే హైదరాబాదులో మూసీ ఒడ్డున ఎర్రరాతి గుమ్మటాలు లేవడానికి శతాబ్దం ముందే, మద్రాసులో ఇప్పటి హైకోర్టు భవనం 1892లో పూర్తికావడానికి తొంభై ఏళ్ళ ముందే, తెలుగునేల మీద ఒక పెద్ద న్యాయపీఠం ఉండేది. ఈ సంగతి మనలో ఎందరికి తెలుసు? బందరు లడ్డు తెలుసు, కలంకారీ తెలుసు, 1864 నవంబరు 1నాటి ఉప్పెన తెలుసు. ముప్పైవేల మందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన తరవాత కూడా జిల్లా కేంద్రమూ, జిల్లా కోర్టూ ఆ పట్టణాన్ని విడిచిపోలేదన్నది మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఆ గడ్డ మీది తగాదాలు చిన్నవి కావు. రెండు మాత్రమే చెబుతాను.

మొదటిది వాసిరెడ్డి వారిది. చింతపల్లి నుంచి అమరావతికి రాజధానిని తరలించి, కొత్త ఊరు కట్టించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో కన్నుమూశారు. ఆయనకు దత్తపుత్రులు ఇద్దరు. ఒకరు ఉండగా మరొకరిని దత్తు తీసుకోవచ్చునా అన్నది ప్రశ్న. కొడుకులు పోరాడారు. ఆ పోరు చివరికి లండనులోని ప్రీవీ కౌన్సిలుకు చేరి, 1846లో తేలింది. మొదటి దత్తుడు జీవించి ఉండగా రెండో దత్తత చెల్లదన్నారు. రంగమ్మ, అచ్చమ్మ అనే ఇద్దరు స్త్రీల పేర్లతో ఆ తీర్పు హిందూ ధర్మశాస్త్ర గ్రంథాలలో నిలిచిపోయింది. ముప్పై ఏళ్ళు! గెలిచినవాడు ఇంటికి వెళ్ళి ఏడ్చాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడన్న సామెతకు ఇంతకన్న పెద్ద ఉదాహరణ ఈ డెల్టాలో దొరకదు.

రెండవది 1861 నాటిది. 'మచిలీపట్నం కలెక్టరు - కావలి వెంకట నారాయణప్ప' అని దాని పేరు. వితంతువు చేతికి వచ్చిన భర్త ఆస్తిని ఆమె ఏ అవసరాలకు, ఏ మేరకు అన్యాక్రాంతం చేయవచ్చు? వారసులు లేకపోతే సర్కారు ఆ బదలాయింపును ప్రశ్నించవచ్చునా? దీనిమీద ప్రీవీ కౌన్సిలు చెప్పిన మాటను కాశ్మీరం నుంచి కన్యాకుమారి దాకా దాదాపు వందేళ్ళు న్యాయవాదులు వల్లెవేశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీకి ఆస్తిపై సంపూర్ణ హక్కు ఇచ్చేవరకు, దేశంలో ఎక్కడ ఒక వితంతువు రెండెకరాలు అమ్ముకోబోయినా ఆమెకు అడ్డంగా నిలిచిన పేరు మన బందరుది. గర్వించవలసిన విషయం కాకపోవచ్చు. గుర్తుంచుకోవలసిన విషయమన్నది నిస్సందేహం.

వాసిరెడ్డి వారి కథలో మరో కొస ఉంది. ఆయన అమరావతిని కట్టిస్తున్న రోజుల్లో, 1797 ప్రాంతంలో, రాయి కోసం దీపాలదిన్నెను తవ్వితే పాలరాతి శిల్పాలు బయటపడ్డాయి. కర్నలు మెకంజీ వచ్చి చూశాడు. తరవాత వాల్టర్ ఇలియట్ తవ్వించాడు. ఆ శిల్పాలలో పెద్ద భాగం 1859లో లండను చేరింది. అంటే, అమరావతి జమీందారు ఇంటి వ్యాజ్యం లండనుకు పోయింది. అమరావతి స్తూపం రాళ్ళూ లండనుకు పోయాయి. ఇప్పుడు అమరావతిలో కోర్టు కట్టాలంటే స్తూపం నమూనా లండనులోని ఫోస్టర్ అండ్ పార్ట్‌నర్స్ వారి దగ్గర నుంచి వస్తున్నది! విదేశీ వాస్తుశిల్పులను పిలవడం తప్పని నేననను. హైదరాబాదు వాళ్ళూ పరాయివారిని పిలిచే కట్టించుకున్నారు. కాని మన రాళ్ళను తీసుకుపోయిన ఊరి నుంచే మన రాళ్ళ పోలికను డబ్బిచ్చి తెచ్చుకుంటూ, దాన్ని 'మన వారసత్వ పునరుద్ధరణ' అని పిలుచుకోవడం మాత్రం నాకు మింగుడు పడదు. వారసత్వం కావాలంటే బందరులో ఉంది. బెజవాడకు సుమారు 70 కిలోమీటర్లు. బస్సులు దండిగా ఉన్నాయి.

*

మద్రాసు రాష్ట్రంలో పబ్లిక్ వర్క్సు శాఖ వారు కట్టిన తాలూకా కచేరీలు, మునసబు కోర్టులు, కలెక్టరు బంగళాలు చూసినవారికి వాటి పద్ధతి తెలిసే ఉంటుంది. మందపు గోడలు, ఇరవై అడుగులకు తగ్గని ఎత్తు, టేకు దూలాల మీద సన్న ఇటుకలను నిలువుగా పేర్చి సున్నంతో దట్టించిన మద్రాసు మిద్దె, చుట్టూ గుండ్రని స్తంభాల వరండా, పలకల రెక్కల కిటికీలు. వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. లోపల దొర నెత్తిన పంకా ఊగేది, దాన్ని లాగే మనిషి బయట వరండాలో కూర్చునేవాడు. ఆ పంకా తాడే ఆనాటి వ్యవస్థకు సరైన చిత్రం. ఒకరి చల్లదనానికి మరొకరి చెమట. వలస పాలకులు మనమీద దయతో వరండాలు కట్టారని నేను చెప్పబోవడం లేదు. తమ గదులకు వేడి తగలకుండా కట్టుకున్నారు. ఆ స్వార్థంలోంచే కక్షిదారుకు కాస్త నీడ దక్కింది.

దక్కిన నీడలో మనవాళ్ళు ఏంచేశారో చూడండి. వాయిదాకు వాయిదాకు మధ్య ఖాళీగా ఉన్న ప్లీడర్లు కబుర్లతో ఊరుకోలేదు. బందరులో ప్లీడరుగా ఉన్న కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావుతో కలిసి 1902లో అక్కడే 'కృష్ణా పత్రిక'ను ప్రారంభించారు. తెలుగు వచనానికి, ఆంధ్రోద్యమానికి ఆ పత్రిక చేసిన సేవ ఇక్కడివారికి నేను చెప్పనక్కరలేదు. బెజవాడలో న్యాయవాదిగా ఉన్న అయ్యదేవర కాళేశ్వరరావు 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరు అయ్యారు. కృష్ణ మీద 1957లో కట్టిన బ్యారేజికి పేరిచ్చిన ప్రకాశం పంతులు రాజమండ్రి ప్లీడరు, తరవాత మద్రాసు బారిస్టరు. కోర్టు వరండా ఈ ప్రాంతానికి కళాశాల, గ్రంథాలయం, రాజకీయ పాఠశాల. అది లేని కోర్టులో న్యాయవాది కారు దిగి హాలుకు, హాలు దిగి కారుకు పోతాడు. పక్కవాడితో మాట్లాడే చోటే ఉండదు.

ఇక బెజవాడ. 1855లో ఆనకట్ట పూర్తయ్యేదాకా అది కొండల మధ్య చిన్న ఊరు. నీరు రాగానే మెట్ట మాగాణి అయింది. మాగాణి అయ్యేసరికి గట్టుకూ, బోదెకూ, కాలువ వంతుకూ విలువ వచ్చింది. విలువ రాగానే వ్యాజ్యం వచ్చింది. డెల్టాలో నీళ్ళు ఎంత దూరం పారాయో దావాలూ అంత దూరం పారాయని మా తాతగారు అనేవారు. గుంటూరును 1904లో వేరే జిల్లా చేశాక కూడా కృష్ణా జిల్లాకు పెద్ద కోర్టు బందరులోనే నిలిచింది గాని, జనమూ వర్తకమూ బెజవాడ చేరాయి. కోర్టు పని కూడా చేరింది, సంవత్సరాలు గడిచేకొద్దీ పెరిగింది. భవనం మాత్రం పెరగలేదు.

ఎంతగా పెరగలేదంటే, బెజవాడ కోర్టుల కొత్త సముదాయానికి 2013లో శంకుస్థాపన జరిగింది. చేసినవారు అప్పటికి హైకోర్టు న్యాయమూర్తిగా ఉన్న ఎన్.వి. రమణ. ఆయన ఈ జిల్లా పొన్నవరం బిడ్డే. ఆ భవనం 2022 ఆగస్టు 20న ప్రారంభమైంది. ప్రారంభించినవారూ ఆయనే, అప్పటికి భారత ప్రధాన న్యాయమూర్తి. పదవీ విరమణకు వారం రోజుల ముందు. పత్రికలు దీన్ని అందమైన యాదృచ్ఛికంగా రాశాయి. నాకు మరోలా కనిపించింది. ఒక మనిషి ఢిల్లీ చేరి, సుప్రీం కోర్టులో ఏళ్ళు గడిపి, దేశంలోకెల్లా ఉన్నతమైన న్యాయపీఠం అధిరోహించి, దిగబోయే వేళకు ఒక జిల్లా స్థాయి కోర్టు భవనం పూర్తయింది. తొమ్మిదేళ్ళు! ఇందులో ఏ ఒక్కరినో నేను వేలెత్తి చూపడం లేదు. రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వాలు మారాయి, నిధులు ఆగాయి. ఇవన్నీ నిజమే. కాని ఆ తొమ్మిదేళ్ళలోనే స్తూపాల బొమ్మలు ఎన్ని గీయించుకున్నామో కూడా లెక్క పెట్టుకోవాలి కదా.

*

ఆ లెక్క ఇది. రాజధాని ప్రధాన భవనాల నమూనాకు 2016లో జపాను వాస్తుశిల్పి ఫుమిహికో మాకి సంస్థను ఎంపిక చేశారు. అది నచ్చక వదిలేశారు. ఫోస్టర్ సంస్థ వచ్చింది. వారి తొలి బొమ్మలూ ఏలినవారికి తృప్తినివ్వలేదు. 2017లో సినీ దర్శకుడు రాజమౌళి గారి సలహా కూడా కోరారు. ఆయన తనకు తోచిన సాయం చేశారు, దోషం ఆయనది కాదు. ఇంతలో 2018 డిసెంబరు 26న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది: జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు వేరు. ఆరు రోజుల్లో ఒక హైకోర్టు హైదరాబాదు నుంచి కట్టలు కట్టుకొని కదలవలసి వచ్చింది. బెజవాడ మునిసిపల్ స్టేడియంలో ప్రమాణ స్వీకారాలు, ముఖ్యమంత్రి క్యాంపు కార్యాలయంలో విచారణలు. 2019 ఫిబ్రవరి 3న నేలపాడులో తాత్కాలిక భవనం ప్రారంభమైంది. 2020లో న్యాయ రాజధాని కర్నూలన్నారు. 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు. శాశ్వత భవనం పునాదులు నీళ్ళలో మునిగి ఉండిపోయాయి. 2024లో నిపుణులు వచ్చి వాటి పటుత్వం పరీక్షించవలసి వచ్చింది.

కొంచెం వెనక్కి వెళితే ఇది కొత్త అలవాటు కాదని తెలుస్తుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డా, 1954 జులై దాకా మన అప్పీళ్ళు మద్రాసులోనే విన్నారు. ఆ నెల 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, ప్రధాన న్యాయమూర్తిగా కోకా సుబ్బారావు. రెండేళ్ళు తిరిగాక 1956 నవంబరులో హైదరాబాదు. అక్కడ అరవై రెండేళ్ళు. నిజాం కాలంలో శంకర్‌లాల్ గీసిన నమూనాతో లేచి, 1920 ఏప్రిల్ 20న ప్రారంభమైన ఆ భవనం మనది కూడా అనుకున్నాం. అనుకోవడంలో తప్పులేదు. ఏ ఊళ్ళో ఉండాలన్న వివాదంలోకి నేను దిగడం లేదు. 1937 శ్రీబాగ్ ఒడంబడికను చూపి రాయలసీమ మిత్రులు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది, దానికి సమాధానం చెప్పవలసినవారు చెప్పాలి. నేననేది వేరు. హైకోర్టు ఎక్కడుండాలి, దాని తల ఏ ఆకారంలో ఉండాలి అన్న రెండు ప్రశ్నల మీద డెబ్బై ఏళ్ళుగా మనం ఖర్చుపెట్టిన ఉద్రేకంలో పదో వంతు కూడా, కక్షిదారు మొట్టమొదట మెట్లెక్కే మునసబు కోర్టు మీద పెట్టలేదు. వంద దావాలలో హైకోర్టు దాకా పోయేవి కొన్నే. తక్కిన బతుకులన్నీ తాలూకా కేంద్రంలోనే తెల్లారిపోతాయి.

నమూనాను వట్టినే తిట్టడం అన్యాయం, దాని గుణం కూడా చెబుతాను. అంచెలంచెలుగా ముందుకు చొచ్చుకువచ్చే ఆ కప్పు గోడల మీద నీడ పరుస్తుంది. గాలి ఆడుతుంది. అంటే మన పాత చూరు, పాత వరండా ఏం చేసేవో అదే పెద్ద ఎత్తున చేయాలని చూశారు. ఇది మెచ్చుకోదగ్గ ఆలోచన. చిక్కు లోపలి అమరికలో ఉంది. వలయాల్లో వలయాలుగా గదులు, నడవలు. ప్రజలు ఎక్కువగా మసలే చోట్లన్నీ వెలుపలి అంచున. లోపలికి పోయేకొద్దీ గోప్యత పెరిగి, నడిబొడ్డున ప్రధాన న్యాయమూర్తి న్యాయస్థానం, ఆంతరంగిక మందిరాలు. మన గుడి అమరికను దీనికి ఆదర్శంగా తీసుకున్నామని రూపకర్తలే చెప్పుకున్నారు.

ఇక్కడే నా తగువు. గుడిలో మూలవిరాట్టు గర్భగుడిలో ఉండటం సబబే. దేవుడు జీతం తీసుకోడు, తీర్పుకు కారణాలు రాయడు, ఆయన మీద అప్పీలు లేదు. న్యాయమూర్తి అలాంటివాడు కాడు, కాకూడదు. బహిరంగ విచారణ అన్నది న్యాయానికి ప్రాణం. దారిన పోయే మనిషి తలుపు తోసుకొని లోపలికి వచ్చి, వెనక బల్ల మీద కూర్చొని, ఏం జరుగుతోందో వినగలిగినప్పుడే అది కోర్టు. గర్భగుడి అమరికలో కక్షిదారు శాశ్వతంగా బయటి ప్రాకారంలో ఉంటాడు. ఇప్పటికే ఆయన న్యాయమూర్తిని 'దేవర' స్థానంలో ఊహించుకొని చేతులు కట్టుకొని నిలబడుతున్నాడు. గోడలు కూడా ఆయనకు అదే పాఠం చెప్పాలా?

"పెద్ద న్యాయస్థానానికి ఠీవి ఉండవద్దా?" అని అడుగుతారు. ఉండాలి. మద్రాసు హైకోర్టు, హైదరాబాదు హైకోర్టు చూసి పల్లెటూరి మనిషి గుండెల్లో భయంతోపాటు ఒక నమ్మకం కూడా పుట్టేది: ఇంత పెద్ద ఇంట్లో మా ఊరి పెత్తందారు మాట చెల్లదులే, అని. ఆ నమ్మకం విలువ నాకు తెలుసు. అయితే ఠీవి ఒక్క హైకోర్టుకే ఎందుకు? పెత్తందారును ఎదిరించే మొదటి మెట్టు మునసబు కోర్టు. అక్కడి కట్టడం గోదాములా ఉంటే, ఆ మెట్టు మీదే మనిషి కుంగిపోతాడు.

"పాత భవనాలు పనికిరావు, కూల్చి కట్టడమే చవక" అని మరి కొందరంటారు. బెజవాడ బందరు రోడ్డులోనే వీరికి సమాధానం ఉంది. 1887 జూన్ 27న కలెక్టరు రాబర్ట్ సూయెల్ పునాదిరాయి వేసిన విక్టోరియా జూబిలీ భవనం అది. 1921లో ఇదే ఊళ్ళో జరిగిన కాంగ్రెసు సమావేశాలలో పింగళి వెంకయ్య గాంధీకి పతాకం అందించిన చరిత్ర దాన్ని అంటిపెట్టుకొని ఉంది. దాన్ని కూల్చలేదు. బాగుచేసి, పక్కన కొత్త కట్టడం చేర్చి, 2020లో బాపు మ్యూజియంగా మళ్ళీ తెరిచారు. మనసుంటే సాధ్యమేనని తేలింది. ఆ మనసు విగ్రహాలున్న చోటికే గాని, దస్తావేజులున్న చోటికి పోదెందుకని నా ప్రశ్న.

"ఇప్పుడంతా కంప్యూటర్లలోనే, వాయిదా సెల్‌ఫోనుకే వస్తుంది, వరండా దేనికి?" అన్నది మూడో మాట. వస్తుంది, మంచిదే. మా తాతగారి కాలానికి అది ఉండి ఉంటే ఆ దావా కొట్టుకుపోయేది కాదు. కాని సాక్షి రావాలి, ముద్దాయి రావాలి, భరణం అడిగే ఆడమనిషి చంటిపిల్లతో రావాలి, బెయిలు కోసం కొడుకు వెంట తల్లి రావాలి. వీళ్ళు ఫోనులో ఇమడరు.

*

కనుక ఏలినవారికి, ఇంజనీర్లకు, బార్ అసోసియేషన్ల పెద్దలకు నా విన్నపం ఇది. కోర్టు కట్టేటప్పుడు శిఖరం నుంచి కిందికి గీయకండి. గుమ్మం నుంచి లోపలికి గీయండి. పిలుపు వినపడేంత దూరంలో నీడ, నీడలో బల్ల, బల్లకు దగ్గర్లో మంచినీళ్ళు, ఆడవాళ్ళకు తలుపు గడియపడే మరుగుదొడ్డి. ఏ హాలులో ఏ కేసు నడుస్తోందో తెలుగులో, దూరం నుంచి చదవగలిగే అక్షరాలలో బోర్డు. అంతస్తుల మీద అంతస్తులు వేస్తే, లిఫ్టు ఆగిన రోజున మోకాళ్ళ నొప్పుల మనిషి పైకి ఎలా వస్తాడన్న ప్రశ్నకు ముందే సమాధానం. ఎదురుపక్షం వాళ్ళ భుజం తగలకుండా సాక్షి కూర్చోగలిగే ఒక గది. ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే, గైరుహాజరు కింద పోయిన దావాలను లెక్కపెట్టి చూడమనండి.

రెండో విన్నపం పాత కాగితాల గురించి. డెల్టా కోర్టుల రికార్డు గదుల్లో ఉన్నది కేవలం డిక్రీలు కావు. ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ బోదె ఎటు పారేది, ఏ కులానికి ఏ దారి మూశారు, ఏ ఆడమనిషి ఏ అవసరానికి పుస్తెలమ్మింది, ఇవన్నీ సాక్షుల మాటల్లో, వాళ్ళ యాసలో, ఆ వాంగ్మూలాలలో ఉన్నాయి. శాసనాలలో రాజులు మాట్లాడతారు. వాంగ్మూలాలలో పాలేరు మాట్లాడతాడు. మన సాంఘిక చరిత్ర రాయదలచినవాడికి అమరావతి ఫలకాలెంతో బందరు దస్త్రాలంత. ఫలకాలు లండనుకు పోయాయని ఏడుస్తున్నాం. దస్త్రాలు ఎక్కడికీ పోలేదు, చెదలకు దగ్గరగా మన ఊళ్ళోనే ఉన్నాయి. నియమం ప్రకారం కాలం చెల్లినవాటిని తగలబెట్టే ముందు, ఒక్కసారి చరిత్రకారుడికి చూపే పద్ధతి పెట్టండి.

మూడోది మనబోటి రాతగాళ్ళకు. మీ ఊరి కోర్టు ఎప్పుడు కట్టారో, పునాదిరాయి మీద ఏమి రాసి ఉందో, వరండా ఎప్పుడు మూసేశారో, చెట్టు ఎప్పుడు కొట్టేశారో కనుక్కొని రాయండి. పాత ప్లీడరు గుమాస్తాలు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. వాళ్ళు పోతే అడగడానికి ఎవరూ ఉండరు.

స్తూపం లేవనివ్వండి. లేచాక నేనూ వెళ్ళి చూస్తాను. కాని చుట్టూ తిరిగి రావడానికి వెళ్ళను. తలుపు ఎటుందో అడిగి, లోపలికి వెళ్ళి, ఒక బల్ల వెతుక్కొని కూర్చుంటాను. ఎవరూ లేపకపోతే, అప్పుడు నా ఆక్షేపణను ఉపసంహరించుకొంటానని ఇందుమూలముగా వాగ్దానం చేస్తున్నాను.